కాలేజీలో కొందరే ఎక్కువ తాగడానికి కారణం వాళ్ళ స్వభావమా, మందు మీద నమ్మకాలా?

రెండూ కారణమే, కాకపోతే స్వభావం చాలావరకు నమ్మకాల ద్వారానే పనిచేస్తుంది. తొందరపాటు, థ్రిల్ కావాలనే తత్వం ఉన్నవాళ్ళు ఏ విషయంలోనైనా వచ్చే మజానే ముందు గుర్తుపెట్టుకుంటారు, నష్టం తర్వాత సంగతి, అందుకే వాళ్ళకి "మందేస్తే మాటలొస్తాయి, ధైర్యం వస్తుంది, టెన్షన్ పోతుంది" అన్న నమ్మకం త్వరగా నాటుకుపోతుంది, ఆ నమ్మకమే తర్వాత గ్లాసు మీద గ్లాసు తాగిస్తుంది. ఈ నమ్మకాలు మొదటి పెగ్గు కంటే ముందే ఇంట్లో పెద్దవాళ్ళని, సినిమాలని, సీనియర్లని చూసి ఏర్పడిపోతాయి (చాలామంది పట్టించుకోనిది ఇదే).

ఉదాహరణకి సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఆలన్ మార్లాట్ అనే సైకాలజిస్ట్ క్యాంపస్‌లోనే అచ్చం బార్ లాంటి ల్యాబ్ పెట్టారు. అందులో స్టూడెంట్స్‌కి వోడ్కా అని చెప్పి ఉత్త టానిక్ వాటర్ ఇచ్చినా చాలామంది గలగలా మాట్లాడేసి, నవ్వేసి, నిజంగా ఎక్కినట్టే ఉన్నారు. అంటే ఆ హుషారులో పెద్ద భాగం మనం ఆశించిందే! మాట తడబడటం, తూలడం, రియాక్షన్ స్లో అవడం మాత్రం ఆల్కహాల్ పనే, అది నమ్మకంతో సంబంధం లేకుండా మెదడుని నెమ్మది చేస్తుంది.

అందరూ పొరబడేది ఎక్కడంటే, "వాడి నేచరే అంత, ఏం చేయలేం" అనుకోవడం. స్వభావం అంత తేలిగ్గా మారదు నిజమే, కానీ నమ్మకం మారుతుంది, ఇలాంటి ప్రయోగంలో తామే మోసపోయామని చూసుకున్నాక కొంతకాలమైనా తాగడం తగ్గించిన స్టూడెంట్స్ ఉన్నారు.