మూడు కుట్లు, నలభై రోజుల మాటలు

ప్రశ్న: మాది నాగోలు. బాబుకి పదకొండేళ్లు. పోయినేడు స్కూలువాళ్లతో అనంతగిరి వెళ్లి జారిపడితే గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు భువనగిరి గుట్ట మీద రెండు రోజులు రాక్ క్లైంబింగ్ క్యాంపట. ‘నాకు భయం, నేను పోను’ అంటున్నాడు. మళ్లీ బట్టలారేసే తాడు విప్పి బాల్కనీ గ్రిల్‌కి ఏవో ముడులు వేస్తుంటాడు. పోయినసారి మా అత్తమ్మ ‘ఒక్కగానొక్క మనవణ్ణి గుట్టలకు తోలింది’ అని నలభై రోజులు అంటూనే ఉన్నారు. మావారు ఏమీ అనరు. వీడి భయం పోవడానికి కౌన్సెలింగ్ ఇప్పించాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. నిజంగా పోనన్న పిల్లాడు ముడులెందుకు వేస్తాడు? తను పోతానంటే అమ్మకు మళ్లీ మాటలు పడతాయని వాడికి తెలుసు. వంటింట్లో గిన్నె చప్పుడు మారితేనే పిల్లలకు తెలిసిపోతుంది.

1985లో అమెరికాలో ఏడాది పిల్లల్ని గాజు పలక మీద పాకించారు. ఒకచోట గాజు కింద నేల దిగినట్టు కనిపిస్తుంది, అవతల తల్లి. తల్లి నవ్వితే 19 మందిలో 14 మంది దాటేశారు. భయంగా ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మీవాడు మీ ముఖం చూస్తున్నాడు, సరే. మీరెవరి ముఖం చూస్తున్నారు? మీ ఉత్తరం ఇక్కడ కుదించాను గాని, అందులో అడుగడుగునా అత్తమ్మే. కుట్లు ఎలా మానాయో ఒక్క మాట లేదు.

ఆవిణ్ణి నేను తప్పుపట్టను. మనవడి గడ్డం మీద రక్తం చూసిన పెద్దావిడ నాలుగు మాటలంటుంది, పడాలి కూడా. నలభై రోజులు మాత్రం ఎందుకు పడ్డారు? తల్లికి సర్దిచెప్పాల్సింది కొడుకు. అన్ని రోజులూ ఆయన ఫోను చూసుకుంటూ కూర్చున్నారని మీరు రాయలేదు గాని, నాకు కనిపిస్తూనే ఉంది.

ఇక ప్రమాదం సంగతి. లేదని చెప్పను. 2014 మే 25న మన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. శిక్షణ మొదలైంది ఈ భువనగిరి గుట్ట మీదే. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, హైదరాబాదు నుంచి వెళ్లిన ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైన డ్యామ్ నుంచి నీళ్లొదిలారు, కిందున్న పిల్లలకు సరైన హెచ్చరిక లేదు. ఆ పిల్ల వెనక నెలల సాధన ఉంది, తాడు ఉంది, గురువు ఉన్నాడు. వీళ్లు ఫొటోల కోసం రాళ్ల మీదికి దిగారంతే.

కాబట్టి స్కూల్లో అడగాల్సినవి వేరు. పిల్లాడు ఎక్కుతుంటే కింద తాడు ఎవరి చేతిలో ఉంటుంది? ఒక్కో శిక్షకుడికి ఎంతమంది? హెల్మెట్లు పిల్లల సైజువేనా? దగ్గర్లో తేనెపట్లున్నాయేమో చూశారా? బండ కాలకముందే దింపేస్తారా? జవాబు నసిగితే పంపకండి, అప్పుడు అత్తమ్మ ఊ అన్నా సరే. గట్టిగా చెబితే పంపండి. రాతి మీద మొదటిసారి కాళ్లు కుట్టుమిషను తొక్కినట్టు వణుకుతాయి. వణకనివ్వండి. ఆ వణుకుతోనే చెయ్యి ఇంకో పట్టు కోసం తడుముకుంటుంది, వాడు అక్కడ నేర్చుకునేది అదే. ఇంట్లో ఎంత చెప్పినా రాదు.

అడగడానికి మీరు మాత్రం వెళ్లకండి, మీవారిని పంపండి. ఒప్పుకోలు కాగితం మీద సంతకం కూడా ఆయనదే ఉండాలి. మోచేయి గీరుకుని వస్తాడు, రాక మానడు. అప్పుడు అత్తమ్మ నిలదీయాల్సింది తన కొడుకుని.

బట్టలకు ఇంకో తాడు కొనుక్కోండి. అది వాడికి వదిలేయండి.