ఆ ఒక్క క్యాప్ అరగదీయించుకో, మిగతా పళ్ళ జోలికి ఎవర్నీ పోనివ్వకు

బుజ్జీ,

నీ మెసేజ్ చదివాను. కుడివైపు దవడ పన్నుకి క్యాప్ వేయించుకున్న దగ్గర్నుంచి నోరు తెరిస్తే చెవి ముందు టిక్కుమంటోందనీ, పొద్దున లేచేసరికి కణతలు లాగేస్తున్నాయనీ, ఇప్పుడేమో పళ్ళన్నీ ఒక వరసకి తెప్పించకపోతే దవడ కీలు పాడైపోతుందని ఎవరో చెప్పారనీ రాశావు. ఇన్నేళ్ళు పళ్ళ డాక్టరుగా చేసిన పెద్దమ్మగా చెప్తున్నా, ఇందులో రెండు వేరువేరు సంగతులున్నాయి, కలపకు.

మొదటిది కొత్త క్యాప్. అది వెంట్రుకంత ఎత్తున్నా నోరు మూసినప్పుడు ముందు అదే తగులుతుంది, దాన్ని తప్పించుకోవడానికి దవడ నీకు తెలియకుండానే పక్కకి జరుగుతుంది, పైగా నువ్వు రెండో వైపే నములుతూ ఉంటావు, దాంతో బుగ్గల్లో, కణతల్లో కండరాలు అలిసిపోయి పట్టేస్తాయి. ఈ వారంలోనే వెళ్ళు. రంగు కాగితం కొరికించి, ఎక్కడ ఎక్కువ తగులుతోందో చూసి అక్కడ కాస్త అరగదీస్తారు, నిమిషాల పని. మత్తు ఇంజెక్షన్ దిగకుండా మాత్రం సరిపోయిందని ఒప్పుకోకు, మొద్దుబారిన నోటికి ఎత్తుపల్లాలు తెలియవు.

రెండోది నీ పాత వంకర పళ్ళు. 1934లో అమెరికాలో కాస్టెన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టర్, వెనక పళ్ళు ఊడిపోతే దవడ కీలు నొక్కుకుపోయి చెవిపోటు వస్తుందని రాశాడు. ఆ తర్వాత చాలాకాలం మా వాళ్ళు కీలు నొప్పి అనగానే పళ్ళు అరగదీయడం మొదలెట్టేవారు. నిజానికి పళ్ళు ఎలా పడితే అలా ఉన్నా నొప్పి లేనివాళ్ళు బోలెడు, ముత్యాల వరస ఉండి బాధపడేవాళ్ళూ ఉన్నారు. నిద్రలో పళ్ళు కొరకడం, టెన్షన్, దెబ్బ తగలడం, ఇవీ కారణాలే. ఇంకో తిరకాసు ఏంటంటే, కీలు వాచినా, కండరం పట్టేసినా దానివల్లే పళ్ళు కలవకపోవచ్చు. అప్పుడు పళ్ళు అరగదీస్తే వాపు తగ్గాక అసలు ఇబ్బంది మొదలవుతుంది. క్లిప్పులు అందం కోసం పెట్టించుకుంటావా, నీ ఇష్టం. కీలు కోసమని మాత్రం వద్దు.

ఆ టిక్కు చప్పుడు కీలు మధ్యలో ఉండే మెత్తటి బిళ్ళ ముందుకి జారి మళ్ళీ చోటికి వచ్చేటప్పుడు వస్తుంది. నొప్పి లేకపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఈలోగా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు చూసుకో, పై పళ్ళూ కింది పళ్ళూ ఆనించి ఉంచుతున్నావేమో. పెదాలు మూసి ఉండాలి, పళ్ళ మధ్య సందు ఉండాలి. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప అవి కలవక్కర్లేదు. కొన్నాళ్ళు చూయింగ్ గమ్, చెగోడీలు, చెరుకు మానెయ్. ఆవులింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకో. వేడి కాపడం హాయిగా ఉంటుంది. రాత్రి పళ్ళు కొరుకుతున్నావని తేలితే నైట్ గార్డ్, అంటే నిద్రలో పళ్ళకి పెట్టుకునే తొడుగు, కొలత తీయించి చేయించుకో, అన్ని పళ్ళనీ కప్పేదే తీసుకో. ముందు పళ్ళకి మాత్రమే ఉండేవి నెలల తరబడి పెట్టుకుంటే మిగతా పళ్ళు చోటు మారిపోవచ్చు, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయని కొనకు.

మామూలుగా మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. ఉన్నట్టుండి రెండు కూడా పట్టకపోయినా, నోరు తెరిచాక మూతపడకపోయినా, జ్వరంతో దవడ వాచినా ఆగకుండా వెళ్ళు. క్యాప్ సరిచేశాక కూడా మూడు నాలుగు వారాల్లో తగ్గకపోతే నాకు ఫోన్ చెయ్, దవడ వ్యాయామాలు ఎవరి దగ్గర నేర్చుకోవాలో చెప్తాను.

పెద్దమ్మ