ముందు ఫోన్ నంబర్, ఆ తర్వాతే డిపాజిట్

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నన్ను ఆంధ్రాలోని పాతపట్నం ఇచ్చారు. తొమ్మిదేళ్లు దెబ్బలు తిని, నాలుగు నెలల కిందట పాపతో కన్నవారింటికి వచ్చేశాను. బట్టల షాపులో పని, నెలకు 9 వేలు. జీతం పాత ఖాతాలోనే పడుతోంది, ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉండిపోయింది. బంగారం కూడా అక్కడే. అన్నయ్య 40 వేలు ఇచ్చాడు. చీటీ కట్టనా, ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయనా?

జవాబు: అమ్మా, చీటీ గురించి చివర్లో చెబుతాను. కార్డు ఆయన దగ్గర ఉండిపోయిందని మామూలుగా రాసేశారు గానీ, నాకు టెన్షన్ అంతా అక్కడే. ఆ ఖాతాకు ఉన్న ఫోన్ నంబర్ ఎవరిది? ఆయనదైతే మీ జీతం పడిన సంగతి మీకన్నా ముందు ఆయనకే తెలుస్తోంది.

ఇవాళే కార్డు బ్లాక్ చేయించండి. మీ పేరున కొత్త సిమ్ తీసుకుని, వేరే బ్యాంకులో (అదే బ్యాంకు ఇంకో బ్రాంచి కాదు, చిన్న ఊళ్లలో కౌంటర్ దగ్గర మాట దాగదు) మీ ఒక్కరి పేరునే జీరో బ్యాలెన్స్ ఖాతా తెరవండి. ఆధార్‌లో ఇంకా పాతపట్నం అడ్రసే ఉంటే కొత్త కార్డు పోస్టులో నేరుగా అత్తారింటికే వెళ్లే ప్రమాదం ఉంది, అందుకని ఉత్తరాలకు కన్నవారింటి అడ్రస్ రాయించండి. ఆధార్‌లో ఫోన్ నంబర్ కూడా మార్చాలి, మీరే సెంటర్‌కు వెళ్లి మార్పించుకోండి. పాత ఖాతాను మాత్రం అప్పుడే మూసేయకండి. ఈ నాలుగు నెలల స్టేట్‌మెంట్ ముందు తీసుకోండి. మీరు ఇక్కడ ఉండగా అక్కడ ఎవరో డబ్బు తీసినట్టు అందులో కనబడితే, కోర్టులో అది మీకు పనికొస్తుంది.

కొత్త ఖాతాకు ఆధార్ లింక్ చేయమని బ్యాంకులో అడిగి రాసివ్వండి, ప్రభుత్వం డబ్బు ఆధార్ లింకైన ఖాతాకే వెళ్తుంది. ఒడిశా సుభద్ర పథకం కింద 21 నుంచి 60 ఏళ్లలోపు ఆడవాళ్లకు ఏడాదికి 10 వేలు, రెండు విడతల్లో, ఐదేళ్లపాటు ఇస్తారు. ఒడిశా నివాసి అయి ఉండాలి కాబట్టి ఆధార్ అడ్రస్ మార్పించుకున్నాకే దానికి కదలండి.

మీ పేరున గ్రూపు లోన్ ఏదైనా తీయించారా? సిబిల్ రిపోర్టు (మీ పేరున ఉన్న అప్పుల చిట్టా) ఏడాదికోసారి ఉచితం, చూసుకోండి. డబ్బు ఎవరు వాడినా, సంతకం మీదైతే అప్పు ఇచ్చినవాడు మీ గుమ్మానికే వస్తాడు.

ఇక బంగారం. పుట్టింటివాళ్లు పెట్టింది స్త్రీధనం, అది మీదే. అత్తింటివాళ్లు దాచి ఉంచినంత మాత్రాన వాళ్లది అయిపోదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. 2005 గృహహింస చట్టంలో దెబ్బలే కాదు, జీతం లాక్కోవడం, నగలు ఇవ్వకపోవడం కూడా హింసే. ఆ నగలు అమ్మకుండా ఉత్తర్వు అడగొచ్చు, నెలకింత ఇప్పించమనీ అడగొచ్చు. కేసు ఆంధ్రాలోనే వేయాలని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు, వినకండి. మీరు ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడి కోర్టులోనే వేయొచ్చు. లాయర్ ఫీజు గురించి కూడా దిగులొద్దు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. దారి తెలియకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. కాగితాలు ఒడియాలో ఉండి మీకు చదవడం రాకపోతే, ఎవరిచేతనైనా చదివించుకుని అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

ఆ 40 వేలా? చీటీ వద్దు. కోర్టు వాయిదా ఉన్న రోజు కూలి పోతుంది, ఆ నెల చీటీ ఎక్కణ్నుంచి కడతారు? సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. ఫిక్స్‌డ్ వేస్తే అదనంగా వచ్చేది ఏడాదికి రెండు వేలు కూడా ఉండదు, దానికోసం చేతిలో డబ్బు లేకుండా చేసుకోకండి. ఆ సొమ్ము అప్పా, సాయమా అన్నది మాత్రం అన్నయ్యను ఇప్పుడే అడిగేయండి, మొహమాటపడితే తర్వాత వదిన ముందు మాట పడాల్సి వస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు నామినీగా పాప పేరు రాసి, పాప తరఫున డబ్బు అందుకునేవారిగా మీ అమ్మ పేరు పెట్టండి. ఆ గడి ఖాళీగా వదలొద్దు.