అంట్లు తోమడానికి నీళ్లూ కరెంటూ తగ్గాలంటే మేం చేసేది

గీజర్ నీళ్లతో తోమితే నీళ్లు తక్కువ పడతాయా, డిష్‌వాషర్ కొనుక్కోమంటారా అని అడిగారు కదండీ, మాది విజయవాడ సింగ్ నగర్, ఈ విషయంలో మాకు బుద్ధొచ్చింది 2024 సెప్టెంబర్ బుడమేరు వరదకి. మేం రెండో ఫ్లోర్ కాబట్టి ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ కింద మోటారు మునిగింది, సంపులో వరద నీళ్లు కలిసిపోయాయి, కరెంటు లేదు, పైన ట్యాంకులో మిగిలినవే దిక్కు. మా అత్తయ్య సింకు పంపు ముట్టుకోనివ్వలేదు. ఎంగిలి, జిడ్డు పాత పేపర్‌తో తుడిచేసి, ఒక బేసిన్‌లో సబ్బు నీళ్లు, ఇంకో రెండిట్లో మంచినీళ్లు పెట్టి ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, నూనె మూకుడు ఆఖర్న. ఐదుగురి అంట్లు బకెట్టున్నరలో, అంటే ఓ ముప్పై లీటర్లలో అయిపోయేవి.

తర్వాత ఊరికే చూద్దామని పంపు ఫుల్లుగా తిప్పి లీటర్ బాటిల్ పెడితే 8 సెకన్లలో నిండింది. పది నిమిషాలు వదిలేస్తే 75 లీటర్లు! మా పనామె పావుగంట వదిలేసేది, ఆమెనని ఏం లాభం, నేనూ అంతేగా.

కరెంటు సంగతికొస్తే గీజరే అసలు దొంగ. పది లీటర్లు ముప్పై డిగ్రీలు వేడెక్కాలంటే మూడో వంతు యూనిట్ పైనే పడుద్ది, దాంతో 1 హెచ్‌పీ మోటారు ఇరవై నిమిషాలు తిరుగుద్ది. పైగా మన బెజవాడలో ఎండాకాలం మధ్యాహ్నం ట్యాంకు నీళ్లలో చెయ్యి పెట్టలేం, ఇంక గీజర్ ఎందుకు చెప్పండి, జిడ్డు గిన్నెలు ఆ టైంకి అట్టిపెట్టుకుంటే చాలు. పప్పు గిన్నె, కుక్కర్ మాత్రం తినంగానే బియ్యం కడిగిన నీళ్లు పోసి నానబెట్టండి, ఎండిందంటే ఇంక గోకుడే, గోకినంతసేపూ పంపు పారుతూనే ఉంటది.

డిష్‌వాషర్ మా పక్క పోర్షన్ వాళ్లకుంది. నిండా సర్ది ఎకో మోడ్‌లో పెడితే పది పన్నెండు లీటర్లే, నీళ్ల విషయంలో మా బేసిన్ల కంటే అదే నయం, ఒప్పుకోవాలి. కాకపోతే నీళ్లు కాచుకునేది కూడా అదే కాబట్టి కరెంటు కాలుద్ది, సగం ఖాళీగా తిప్పితే దండగ. మా బోరు నీళ్లకి దాంట్లో డిష్‌వాషర్ సాల్ట్ (వంట ఉప్పు కాదు, దానికని విడిగా అమ్మేది) వెయ్యకపోతే గ్లాసుల మీద తెల్ల మచ్చలు. వాళ్లు కూడా పెద్ద మూకుళ్లు, బిర్యానీ గిన్నె పట్టక సింకులోనే తోముకుంటున్నారు.

ఆఖరి బేసిన్ నీళ్లు మా కరివేపాకు మొక్కకి పోస్తాం. సబ్బు బేసిన్‌వి పోస్తే అత్తయ్య ఊరుకోరు.