కషాయం సీసా డాక్టరుకు చూపించండి

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. మూడో కీమో అయింది. ఒకటే వికారం, రాత్రిళ్లు నిద్ర లేదు, ఎవరు పలకరించినా ముఖం తిప్పుకుంటోంది. చుట్టాలేమో కషాయం తాగమంటున్నారు, యోగా చేయమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక కూతురు, హన్మకొండ

జవాబు: కషాయంలో ఏముందో తెచ్చినవాళ్లకైనా తెలుసా అమ్మా? కొన్ని మూలికలు కీమో మందుకు అడ్డుపడతాయి, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. సీసా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. చుట్టాలు అలిగితే అలగనీ. కూరలో పసుపుతో ఇబ్బంది లేదు, పసుపు మాత్రలు మాత్రం అడగకుండా వేయొద్దు.

యోగాతో క్యాన్సర్ తగ్గదు. నీరసం, టెన్షన్ కాస్త తగ్గుతాయి. మంచం మీదే కూర్చుని మెల్లగా ఊపిరి తీసి వదిలినా చాలు. వికారానికి డాక్టరిచ్చిన మాత్రలు ఆపకుండా ఇదీ చేసి చూడండి: అరచేయి పైకి తిప్పి, మణికట్టు గీత పక్కనే, మోచేతి వైపుగా, అమ్మ మూడు వేళ్లు అడ్డంగా ఆనించండి. మీ వేళ్లు కాదు, ఆమెవే. వేళ్లు దాటాక, తాళ్లలా గట్టిగా తగిలే రెండు నరాల మధ్య బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కండి.

మన వైపు పలకరింపులు తెలిసినవే కదా. "ఎట్లుండేదానివి ఎట్లయితివే" అని ఏడ్చేవాళ్లను గడప దగ్గరే ఆపండి. మీరూ "ధైర్యంగా ఉండు" అనకండి. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలవండి, ఆమే మాట్లాడొచ్చు. రెండు వారాలైనా అట్లనే ఉంటే డాక్టరుకు చెప్పండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. మీక్కూడా.