ఫిట్జెరాల్డ్ ఉత్తరాల్లో ఏ సంపుటం ముందు చదవాలి?

అమెరికన్ నవలాకారుడు స్కాట్ ఫిట్జెరాల్డ్‌కి ఎడిటర్‌తో నడిచిన ఉత్తరాలు ఒక సంపుటం, కథలు పత్రికలకు అమ్మిపెట్టే ఏజెంటుతో నడిచినవి ఇంకొకటి, ఏది ముందు అని అడిగారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని తేదీల వారీగా చదవండి. చాలామంది స్క్రిబ్నర్స్ ప్రచురణ సంస్థ ఎడిటర్ మాక్స్ పెర్కిన్స్ ఉత్తరాలు చదివేసి, ఏజెంటు హెరాల్డ్ ఓబర్‌వి మాత్రం ‘అన్నీ డబ్బు గొడవలే’ అని పక్కన పడేస్తారు. ఆ గొడవలు చదవకపోతే ఫిట్జెరాల్డ్ సగమే అర్థమవుతాడు.

పెర్కిన్స్ వైపు 1924 నవంబరు పట్టుకోండి. ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవల రాతప్రతి ఫ్రాన్సు నుంచి న్యూయార్క్ చేరింది. 18న పెర్కిన్స్ రాసిన ఉత్తరం చాలావరకు మెప్పే. లోపాలకు రెండ్రోజులు ఆగి, 20న ఇంకో ఉత్తరం. మిగతా పాత్రలు కళ్లకు కడుతున్నాయి, గాట్స్‌బీ ఒక్కడే మసక. అతనికి డబ్బెక్కడిదో అక్కడక్కడా జాడ వదలాలి. గతమంతా ఒకేచోట కుప్పపోశారు, విడదీయాలి. ఇంతే. వాక్యాల జోలికి పోలేదు.

గాట్స్‌బీ ఎలా ఉంటాడో తనకే తెలియలేదని ఫిట్జెరాల్డ్ జవాబులో ఒప్పేసుకున్నాడు. భార్య జెల్డా చేత వేళ్లు నొప్పెట్టేదాకా బొమ్మలు వేయించాక గానీ తెలియలేదట! దిద్దుబాట్లు రోమ్‌లో కూర్చుని గాలీ ప్రూఫుల మీద చేశాడు. టైపు కూర్చాక, పేజీలు కట్టకముందు తీసే పొడుగాటి కాగితాలవి. గాట్స్‌బీని కుర్రతనంలో చేరదీసిన ధనికుడు డాన్ కోడీ వృత్తాంతం ఎనిమిదో అధ్యాయం నుంచి ఆరులోకి వచ్చింది. పేజీలు కట్టేశాక అలా జరిపితే వెనకున్న పేజీలన్నీ మళ్లీ కట్టాలి. మన దగ్గర ప్రూఫు చూడటమంటే ఒత్తులూ దీర్ఘాలూ సరిచేయడమే, అదో ఖర్మ. 1925 ఏప్రిల్ 10న పుస్తకం రావాల్సి ఉంటే, మార్చి 19న పేరు మారుస్తానని తంతి కొట్టాడు మహానుభావుడు. మారలేదు, బతికిపోయాం.

ఇక ఓబర్. 1929కి ముందు ఈయన రేనాల్డ్స్ ఏజెన్సీలో పనిచేసేవాడు, ఆ తర్వాతే సొంతంగా పెట్టుకున్నాడు. పాత ఉత్తరాలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. కమీషన్ పది శాతం. సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రిక కథకి 4,000 డాలర్లు ఇచ్చిన రోజుల్లో రచయిత చేతికి 3,600 అందేవి. చిక్కు అక్కడ లేదు. అమ్ముడుపోని కథ మీద, ఒక్కోసారి ఇంకా రాయని కథ మీద కూడా ఓబర్ అడ్వాన్సు ఇచ్చేవాడు. పోస్ట్ కొన్నంతకాలం చెల్లింది. కొనడం తగ్గాక బాకీ పెరిగింది. 1939 జులైలో ఓబర్ ఇక ఇవ్వలేనన్నాడు. ఫిట్జెరాల్డ్‌కి కోపమొచ్చి తెగతెంపులు చేసుకుని, కథలు తనే ఎస్క్వైర్ పత్రికకి పంపుకోవడం మొదలుపెట్టాడు. అందులో వచ్చిన పాట్ హాబీ అనే హాలీవుడ్ రచయిత కథలకి దక్కింది 250 డాలర్లు చొప్పున.

అప్పివ్వకపోవడం ద్రోహమని ఫిట్జెరాల్డ్ అభిమానులు ఇప్పటికీ ఓబర్‌ని తిడతారు. ఫిట్జెరాల్డ్ కూతురు స్కాటీ హాస్టల్ సెలవులకి ఎవరింట్లో ఉండేదో ఆ సంపుటంలోనే ఉంది, చూడండి. ఓబర్ వాళ్లింట్లోనే.