పాత అప్లికేషన్‌కు టోకెన్లు పెట్టే పని... దీనితో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ చదివి ఆరు నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. పాత జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి, సీఎస్‌ఆర్‌ఎఫ్ (యూజర్ పేరుతో వేరే సైట్ దొంగచాటుగా రిక్వెస్టులు పంపే దాడి) నుంచి రక్షణ పెట్టమన్నారు. ఫ్రెండ్స్ అంతా ఏఐ ప్రాజెక్టుల్లో ఉన్నారు. వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ప్రతి ఫారంలో టోకెన్ (సర్వర్ ఇచ్చే రహస్య కోడ్) పెట్టే ట్యాగ్ ఒకటి అతికించి వదిలేస్తే మీ భయం నిజమే అవుతుంది. ఆ ట్యాగ్ ఎందుకో తెలుసుకుంటూ చేస్తే మాత్రం, మొదటి ఉద్యోగంలో ఇంత మంచి పని అందరికీ దొరకదంటాను.

మీ యూజర్ ఒక ట్యాబ్‌లో లాగిన్ అయి ఉంటాడు. ఇంకో ట్యాబ్‌లో తెరిచిన సైట్ చాటుగా మీ అప్లికేషన్‌కు ఒక ఫారం పంపుతుంది. బ్రౌజర్ దానికి అతని కుకీ (లాగిన్ గుర్తు) జతచేస్తే, అతనే పంపాడని సర్వర్ నమ్మేస్తుంది. ఆ సైట్‌కు తెలియని టోకెన్‌ను కూడా అడగడమే దీనికి రక్షణ. సేమ్‌సైట్ (వేరే సైట్ల రిక్వెస్టులతో కుకీ వెళ్లాలా వద్దా అనే సెట్టింగ్) విలువ రాయని కుకీలను క్రోమ్ 2020 నుంచి లాక్స్‌గా, అంటే వేరే సైట్ పంపే ఫారాలతో సాధారణంగా వెళ్లనివిగా చూస్తోంది కాబట్టి ముప్పు కొంత తగ్గింది. అయినా లింక్ నొక్కితే కుకీ వెళ్తూనే ఉంటుంది. అందుకని మీ కోడ్‌లో 'డిలీట్' మామూలు లింకుగా ఉందేమో ముందు వెతకండి. లింక్ నొక్కితే వెళ్లే గెట్ రిక్వెస్టులకు జాంగో టోకెన్ అడగదు. అలాంటివి దొరికితే ఫారంతో పంపే పోస్ట్‌కు మార్చాల్సిందే.

జాంగో 4.0 నుంచి ఆరిజిన్ హెడర్‌ను (రిక్వెస్ట్ ఏ సైట్ నుంచి వచ్చిందో చెప్పేది) కూడా సరిచూస్తారు. నమ్మదగిన ఆరిజిన్ల జాబితాలో డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్ కూడా ఉండాలి. మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది ప్రాక్సీ (మధ్యలో ఉండే సర్వర్) వెనక 403 (అనుమతి లేదనే ఎర్రర్) చూపిస్తే మొదట ఈ సెట్టింగులే చూడండి. "ప్రస్తుతానికి ఎగ్జెంప్ట్ (తనిఖీ నుంచి మినహాయింపు) పెట్టేయ్, రేపు చూద్దాం" అనే సీనియర్ ఒకరు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆ రేపు రాదు.

రెజ్యూమెలో 'సీఎస్‌ఆర్‌ఎఫ్ చేశాను' అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఎన్ని ఫారాలు, ఎన్ని అజాక్స్ కాల్స్ (పేజీ మారకుండా వెళ్లే రిక్వెస్టులు) సరిచేశారో ఇప్పటి నుంచే లెక్క రాసుకోండి. ఎక్స్‌ఎస్‌ఎస్ లోపం (దాడి చేసేవారి స్క్రిప్ట్ మీ పేజీలోనే నడవడం) ఉంటే టోకెన్ ఎందుకు కాపాడలేదో ఇంటర్వ్యూలో చెప్పగలగాలి. పోర్ట్‌స్విగర్ వారి వెబ్ సెక్యూరిటీ అకాడమీలో ఉచిత ల్యాబ్‌లున్నాయి, అక్కడ సాధన చేయండి. సరదాకైనా ఇతరుల సైట్ల మీద వద్దు.

ఒక్క మాట దాచను. వెబ్ భద్రతా ముప్పుల జాబితా అయిన ఓవాస్ప్ టాప్ టెన్‌లో 2013లో ఎనిమిదో స్థానంలో ఉన్న సీఎస్‌ఆర్‌ఎఫ్‌కు 2017 జాబితాలో విడిగా చోటు లేదు. ఫ్రేమ్‌వర్కులే రక్షణ ఇస్తున్నాయి మరి. ఈ ఒక్కటి పట్టుకుని సెక్యూరిటీ ఉద్యోగం రాదు. అప్‌గ్రేడ్ అయ్యాక లాగిన్, అనుమతుల కోడ్ చూసే పని మీరే అడిగి తీసుకోండి. ఏడాది తర్వాత కూడా ట్యాగులే అతికించమంటే అప్పుడు వేరే కంపెనీ చూసుకోండి.